క్యూబిట్‌ని కొలిచి సరిచేయాలా, కొలవకుండానే దారికి తేవాలా?

క్యూబిట్ (క్వాంటమ్ కంప్యూటర్‌లో సమాచారం దాచే మూల భాగం, సున్నా దాని కింది స్థితి, ఒకటి పై స్థితి) మనకి కావలసిన స్థితికి రావాలి, వచ్చాక అక్కడే నిలబడాలి. దీనికి ఇప్పుడు కనీసం నాలుగు దారులున్నాయి. నాలుగూ ప్రయోగాల్లో పనిచేసి చూపించినవే కాబట్టి కొత్తగా ల్యాబ్‌లో చేరినవాళ్లకి ఏది పట్టుకోవాలో తేలదు. పేపర్లు చదివితే ఇంకా తికమక, ఎవరి పద్ధతి వాళ్లకి ముద్దు.

నా మాట ముందే చెప్పేస్తా. కొలత ఫలితం మీకు ఇంకేదైనా పనికి కూడా కావాలంటే కొలవండి. కేవలం స్థితిని సరిచేయడానికే అయితే కొలవకుండా సరిచేసే పద్ధతిని ముందు చూడండి. దీనికి మినహాయింపులు చాలానే ఉన్నాయి, అసలు ఎంపిక అంతా ఆ మినహాయింపుల్లోనే ఉంది.

లెక్కలు గాల్లో ఉండకుండా ఒక క్యూబిట్‌ని ముందు పెట్టుకుందాం. ట్రాన్స్‌మాన్ (సూపర్‌కండక్టింగ్ సర్క్యూట్‌తో చేసే ఒక రకం క్యూబిట్), ఫ్రీక్వెన్సీ 5 గిగాహెర్ట్జ్, టీ1 అంటే పై స్థితి నుంచి కిందికి జారిపోయే సగటు సమయం 100 మైక్రోసెకన్లు, దాన్ని చల్లగా ఉంచే ఫ్రిజ్ 20 మిల్లీకెల్విన్. ఇవాళ చాలా ల్యాబుల్లో దొరికే సరుకే.

ఏం చూసుకుని ఎంచుకోవాలి

మొదటిది మీ లక్ష్యం. "స్థితిని కంట్రోల్ చేయాలి" అన్న ఒక్క మాటలో మూడు వేర్వేరు పనులు దాక్కుని ఉంటాయి. ఏ స్థితిలో ఉన్నా తీసుకొచ్చి సున్నాలో పెట్టడం ఒకటి, అదే రీసెట్. ముందే తెలిసిన ఒక స్థితిలో ఎంతసేపైనా నిలబెట్టడం రెండోది. మనకి తెలియని స్థితిని, అంటే అందులో సమాచారం దాచుకున్న స్థితిని, చెడిపోకుండా కాపాడడం మూడోది. మూడోదానికి క్యూబిట్‌ని నేరుగా కొలిస్తే అసలుకే ఎసరు. పక్కన ఇంకో క్యూబిట్‌ని పెట్టి "ఒకటిలో ఉన్నవి సరి సంఖ్యా, బేసి సంఖ్యా" లాంటి ప్రశ్న మాత్రమే అడగాలి. ఈ తేడా తేల్చుకోకుండా ఎఫ్‌పీజీఏ బోర్డు (చాలా వేగంగా నిర్ణయం తీసుకునేలా ప్రోగ్రామ్ చేసుకునే చిప్) కొనేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

రెండోది లూప్ సమయం. కొలత మొదలుపెట్టినప్పటి నుంచి సరిచేసే పల్స్ క్యూబిట్‌ని తాకేదాకా ఎంత పట్టింది, దాన్ని టీ1తో పోలిస్తే ఎంత? ఈ ఒక్క నిష్పత్తే సగం నిర్ణయం చేసేస్తుంది.

మూడోది కొలత సామర్థ్యం. క్యూబిట్ నుంచి బయటికొచ్చిన సమాచారంలో ఎంత భాగం మీ కంప్యూటర్ దాకా చేరింది? మిగతాది కేబుల్లోనో, సర్క్యులేటర్లోనో, యాంప్లిఫైయర్ నాయిజ్‌లోనో పోతుంది. పోయిన సమాచారం కూడా క్యూబిట్‌ని కదిలించే పోయింది, ఆ కదలిక మాత్రం మీకు తెలియదు. రీసెట్‌లో ఇది పెద్ద సమస్య కాదు. నిరంతర కొలతలో ఇదే ప్రాణాంతకం.

నాలుగోది డబ్బూ, మనుషులూ. దాని సంగతి చివర్లో.

ఆగడం, ఏరి పారేయడం

అన్నిటికంటే చవక ఏమీ చేయకపోవడమే. టీ1కి ఐదు రెట్లు ఆగితే, అంటే మన క్యూబిట్‌కి 500 మైక్రోసెకన్లు ఆగితే, పై స్థితిలో మిగిలేది 0.7 శాతం. అయితే ఎంత ఆగినా ఒక గీత కిందికి పోదు. ఫ్రిజ్ 20 మిల్లీకెల్విన్ అని చూపిస్తున్నా, దారితప్పి వచ్చే రేడియేషన్ వల్ల క్యూబిట్ 50 మిల్లీకెల్విన్ దగ్గర ఉన్నట్టు ప్రవర్తించడం మామూలే, ఆ వేడికి 5 గిగాహెర్ట్జ్ క్యూబిట్ సుమారు 0.8 శాతం పై స్థితిలోనే ఉంటుంది. పది వేల షాట్లంటే, అంటే ప్రయోగాన్ని పది వేలసార్లు నడిపితే, ఆగడానికే 5 సెకన్లు. ఒక గ్రాఫ్‌కైతే ఫర్వాలేదు, రాత్రంతా కాలిబ్రేషన్ నడిపేవాళ్లకి మాత్రం భారమే. పైగా టీ1 పెరిగేకొద్దీ ఈ ఆగడమూ పెరుగుతుంది, మంచి క్యూబిట్ చేసుకున్నందుకు శిక్ష పడ్డట్టు!

పోస్ట్ సెలక్షన్ ఇంకా తేలిక. మొదట్లో కొలిచి, సున్నా వచ్చిన షాట్లనే ఉంచుకుని మిగతావి పారేయడం. ఒకటి రెండు క్యూబిట్లకి బాగానే ఉంటుంది. క్యూబిట్లు పెరిగితే మిగిలేది పిడికెడు డేటా.

కొలిచి పల్స్ కొట్టడం

క్యూబిట్‌ని గట్టిగా కొలుస్తాం. సున్నా వస్తే ఊరుకుంటాం, ఒకటి వస్తే π పల్స్ (సున్నాని ఒకటిగా, ఒకటిని సున్నాగా తిప్పేసే పల్స్) కొట్టి సున్నాకి దించుతాం. సూపర్‌కండక్టింగ్ క్యూబిట్ మీద దీన్ని 2012లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ బృందం చేసి చూపించింది. చెప్పడానికి ఒక్క వాక్యం, చేయడానికి ఏడాది.

ఆ ఒక్క వాక్యం లోపల ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. రీడౌట్ పల్స్, అంటే స్థితిని చదివే పల్స్, రెజొనేటర్‌లోకి (క్యూబిట్‌కి ఆనుకుని ఉండే మైక్రోవేవ్ సర్క్యూట్) వెళ్తుంది, తిరిగొచ్చే సిగ్నల్‌ని ఒక 300 నానోసెకన్లు పోగుచేస్తాం. జ్యూరిక్ ఈటీహెచ్ బృందం 2017లో 88 నానోసెకన్లలో 99.2 శాతం కచ్చితంగా చదివింది కానీ, మొదటిసారే మీకు అంత రాదు. కేబుల్లో మీటరుకి సుమారు 5 నానోసెకన్లు పోతాయి, రానూపోనూ పది మీటర్లంటే 50. డిజిటైజర్, ఎఫ్‌పీజీఏ, పల్స్ జనరేటర్ కలిపి కొన్ని వందల నానోసెకన్లు. ఇంతవరకూ అందరూ లెక్కేస్తారు. మర్చిపోయేది ఆ తర్వాతది: కొలత అయిపోయినా రెజొనేటర్‌లో ఫోటాన్లు ఇంకా మిగిలే ఉంటాయి, అవి ఉన్నంతసేపూ క్యూబిట్ ఫ్రీక్వెన్సీ కాస్త జరిగి ఉంటుంది. అప్పుడే π పల్స్ కొడితే అది గురి తప్పుతుంది. ఎఫ్‌పీజీఏ ఎంత వేగంగా నిర్ణయం తీసుకున్నా రెజొనేటర్ ఖాళీ అయ్యేదాకా ఆగాల్సిందే, లేదా ఫోటాన్లని బయటికి తరిమే వ్యతిరేక పల్స్ ఒకటి జోడించాలి.

అన్నీ కలిపి లూప్ 1 మైక్రోసెకను అనుకుందాం. టీ1 100 కాబట్టి "ఒకటి" అని తేలిన క్యూబిట్ ఆ లోపల తనంతట తనే సున్నాకి జారిపోయే అవకాశం సుమారు 1 శాతం దాకా ఉంటుంది. సరిగ్గా అప్పుడు మన పల్స్ వెళ్లి, బుద్ధిగా సున్నాలో ఉన్నదాన్ని లేపి ఒకటిలో కూర్చోబెడుతుంది. దీనికి మందు లూప్‌ని రెండుసార్లు నడపడం. అయితే రెండోసారి ఇంకో తప్పు బయటపడుతుంది. ఇప్పుడు క్యూబిట్ దాదాపు ఎప్పుడూ సున్నాలోనే ఉంటుంది కదా, కాబట్టి సున్నాని ఒకటిగా తప్పు చదవడమే మీకు అడుగు గీత. తప్పుచదువు 0.5 శాతమైతే ఎన్నిసార్లు నడిపినా అంతకంటే కిందికి పోరు. అందుకే రెండోసారి నిర్ణయ రేఖని మధ్యలో పెట్టకుండా ఒకటి వైపు జరపాలి, నిజంగా ఒకటేనన్న నమ్మకం కుదిరితేనే పల్స్ కొట్టేలా. చిన్న మార్పే, హార్డ్‌వేర్ ఖర్చు లేదు, కానీ చాలామంది చేయరు.

ట్రాన్స్‌మాన్‌కి సున్నా, ఒకటి మాత్రమే కాదు, పైన రెండో మెట్టు కూడా ఉంది. క్యూబిట్ అక్కడికి ఎక్కి కూర్చుంటే రెండు మెట్లనే గుర్తించే రీడౌట్ దాన్ని ఒకటి అనుకుని పల్స్ కొడుతుంది, ఆ పల్స్ దాన్నేమీ చేయదు. మూడు మెట్లనీ విడదీసి చదవగలిగితేనే ఈ పద్ధతికి పూర్తి ఫలితం.

ఇంత కష్టం ఎందుకు పడాలంటే, కొలత ఫలితం చేతికొస్తుంది కాబట్టి. టెలిపోర్టేషన్ (ఒక క్యూబిట్ స్థితిని ఇంకో క్యూబిట్‌కి చేర్చడం), ఎర్రర్ కరెక్షన్, ముందు ఫలితాన్ని బట్టి తర్వాతి గేటు మార్చే సర్క్యూట్లు, ఇవన్నీ ఆ ఫలితం మీదే నడుస్తాయి. యేల్ బృందం 2023లో ఇలాంటి రియల్‌టైమ్ లూప్‌తోనే ఎర్రర్ కరెక్షన్ చేసిన క్యూబిట్‌ని, అదే పరికరంలో కరెక్షన్ లేనివాటిలో అన్నిటికంటే మంచిదానికన్నా 2.27 రెట్లు ఎక్కువసేపు బతికించింది. ఆ లూప్ సెట్టింగులని చేత్తో కాకుండా రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌తో ట్యూన్ చేశారు.

ఒక మాట. ఎర్రర్ కరెక్షన్‌లో ప్రతి తప్పుకీ పల్స్ కొట్టాలనేం లేదు. "ఈ క్యూబిట్ తిరగబడి ఉంది" అని సాఫ్ట్‌వేర్‌లో రాసుకుని, తర్వాతి ఫలితాలని దాన్నిబట్టి చదివితే చాలాసార్లు సరిపోతుంది. గూగుల్ 2024లో చూపించిన సర్ఫేస్ కోడ్ అనే ఎర్రర్ కరెక్షన్ పద్ధతిలో ఒక్కో సైకిల్ 1.1 మైక్రోసెకన్లు, దూరం 5 (కోడ్ పరిమాణానికి కొలమానం) కోడ్‌కి, తప్పు ఎక్కడో లెక్కగట్టే రియల్‌టైమ్ డీకోడర్ ఆలస్యం సగటున 63 మైక్రోసెకన్లు. స్థితిని దాచి ఉంచే మెమరీ ప్రయోగం కాబట్టి అంత వెనకబడినా నడిచింది, డీకోడర్ వేగం సైకిళ్ల వేగాన్ని అందుకుంటే చాలు, పని పేరుకుపోకూడదంతే. కాబట్టి "ఎర్రర్ కరెక్షన్ కావాలి, అందుకే వంద నానోసెకన్ల లూప్ కావాలి" అని ఎవరైనా అంటే కాస్త ఆగి అడగండి.

సన్నగా కొలుస్తూనే ఉండడం

ఒకేసారి గట్టిగా కొలవకుండా, బలహీనమైన సిగ్నల్‌తో ఎడతెగకుండా కొలుస్తూ, వచ్చే నాయిజ్‌లోంచే క్యూబిట్ ఎటు జారుతోందో పసిగట్టి, వెంటవెంటనే నెమ్మదిగా వెనక్కి నెట్టడం. సిద్ధాంతంగా దీనికి 1993లో వైజ్‌మన్, మిల్‌బర్న్ పునాది వేశారు. 2012లో బెర్క్‌లీలో సిద్దిఖీ ల్యాబ్ ఒక క్యూబిట్ రాబీ డోలనాలు, అంటే సున్నా, ఒకటి మధ్య ఊగిసలాట, చచ్చిపోకుండా ఎంతసేపైనా నడిచేలా చేసింది. ఆ పేపర్ మొదటి రచయిత ఆర్. విజయ్ ఇప్పుడు ముంబైలో టీఐఎఫ్ఆర్‌లో (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) ఉన్నారు, ఆయన ల్యాబ్ పేరే క్వాంటమ్ మెజర్‌మెంట్ అండ్ కంట్రోల్ ల్యాబ్. ఈ పని చేతులారా నేర్చుకోవాలనుకునేవాళ్లకి మన దేశంలోనే చోటుందని అర్థం.

ఇంతకంటే ముందే, 2011లో, పారిస్ ఈఎన్ఎస్‌లో సెర్జ్ అరోష్ బృందం దీనికి దగ్గరి చుట్టం లాంటి పని చేసింది. సూపర్‌కండక్టింగ్ కేవిటీలో (అద్దాల మధ్య ఫోటాన్లని బంధించే చోటు) మైక్రోవేవ్ ఫోటాన్లు, వాటి మధ్య నుంచి ఒకదాని వెనక ఒకటి దాటిపోయే రిడ్‌బర్గ్ పరమాణువులు (ఎలక్ట్రాన్ బాగా పై మెట్టుకి ఎక్కినవి). ఒక్కో పరమాణువు కొద్దికొద్దిగా సమాచారం మోసుకొస్తుంది, కంట్రోలర్ ప్రతిసారీ అంచనా మార్చుకుని చిన్న మైక్రోవేవ్ పల్స్ లోపలికి పంపుతుంది. అలా ఫోటాన్ల సంఖ్యని 1 నుంచి 4 దాకా కోరినచోట నిలబెట్టారు. మరుసటి ఏడాది ఒక్కో ఫోటాన్‌నే చేర్చే, తీసే పద్ధతితో 7 దాకా వెళ్లారు. అరోష్‌కి నోబెల్ కూడా 2012లోనే, వైన్‌లాండ్‌తో కలిసి.

చూడ్డానికి అందమైన పద్ధతి, నాకూ ఇష్టం. కానీ కేవలం రీసెట్ కోసం దీని జోలికి వెళ్లొద్దు. కొలత సామర్థ్యం సగం ఉంటే మీరు కాపాడే స్థితి స్వచ్ఛత కూడా దానికి తగ్గట్టే తెగ్గోసుకుపోతుంది, ఎఫ్‌పీజీఏ ఎంత గొప్పదైనా ఆ నష్టాన్ని పూడ్చలేదు. క్వాంటమ్ హద్దుకి దగ్గరగా పనిచేసే పారామెట్రిక్ యాంప్లిఫైయర్, అంటే నాయిజ్ దాదాపు కలపకుండా సిగ్నల్‌ని పెంచే పరికరం, లేకుండా మొదలుపెట్టడం దండగ. కొలత అనేది అసలెలా జరుగుతుందో తెలుసుకోవడమే మీ పరిశోధన అయితే మాత్రం ఇదే దారి. 2019లో యేల్ వాళ్లు క్వాంటమ్ జంప్‌ని (ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి దూకడం) మధ్యలో పట్టుకుని వెనక్కి తిప్పింది ఇలా ఎడతెగకుండా కాపు కాసే.

కొలవకుండా సరిదిద్దడం

కుక్కర్ మీద వెయిట్‌ని ఎవరూ ప్రెషర్ కొలిచి లేపరు, ప్రెషరే దాన్ని లేపుతుంది. అటానమస్ ఫీడ్‌బ్యాక్, రిజర్వాయర్ ఇంజనీరింగ్ అనేవి అలాంటివే. క్యూబిట్‌కి తోడుగా త్వరగా శక్తి కోల్పోయే రెజొనేటర్ ఒకటి పెట్టి, తప్పు స్థితిలో ఉంటే దాని శక్తి ఆ రెజొనేటర్‌లోకి కారిపోయేలా, సరైన స్థితిలో ఉంటే ఏమీ జరగకుండా మైక్రోవేవ్ డ్రైవ్‌లు అమరుస్తారు. నిర్ణయం తీసుకునే కంప్యూటర్ లేదు, కాబట్టి లేటెన్సీ, అంటే నిర్ణయానికి పట్టే ఆలస్యం, అన్న మాటే లేదు.

ఈటీహెచ్ బృందం 2018లో మైక్రోవేవ్ డ్రైవ్‌లతోనే సుమారు 500 నానోసెకన్లలో క్యూబిట్ పై స్థితిని 0.2 శాతానికి దించింది. మనం పైన కష్టపడి 0.5 దగ్గర ఇరుక్కున్న లెక్కతో పోల్చుకోండి. ట్రాన్స్‌మాన్ రెండో మెట్టు కూడా ఇందులోనే శుభ్రమవుతుంది. తర్వాత గూగుల్ కూడా పై మెట్లన్నిటినీ కలిపి ఖాళీ చేసే రీసెట్‌ని ఎర్రర్ కరెక్షన్‌లో వాడింది.

ఇబ్బంది ఏమిటంటే, ఒక పద్ధతి ఒకే లక్ష్య స్థితికి పనికొస్తుంది. ఇవాళ సున్నా, రేపు సూపర్‌పొజిషన్ (సున్నా, ఒకటీ కలిసిన స్థితి), ఎల్లుండి రెండు క్యూబిట్ల బెల్ స్థితి (రెండూ విడదీయలేనట్టు ముడిపడిన స్థితి) అంటే ప్రతిసారీ డ్రైవ్‌లన్నీ మళ్లీ మొదటినుంచి, కొన్నిసార్లు చిప్ డిజైనే మార్చాలి. కొలత లూప్‌లో అయితే కోడ్ మారిస్తే సరి. ఇంకోటి, ఏదైనా తేడా చేసినప్పుడు ఎక్కడ తేడా చేసిందో ఈ పద్ధతి చెప్పదు. లాగ్ ఉండదు, మౌనంగా పాడవుతుంది.

ఒకచోట పెట్టి చూస్తే

| | ఆగడం / పోస్ట్ సెలక్షన్ | కొలిచి పల్స్ | సన్నని నిరంతర కొలత | కొలవకుండా |
|---|---|---|---|---|
| రీసెట్‌కి | నెమ్మది, చవక | బాగుంటుంది | వద్దు | అన్నిటికంటే మేలు |
| తెలిసిన స్థితిలో నిలపడానికి | కుదరదు | విడతలు విడతలుగా కుదురుతుంది | దీనికే పుట్టింది | ఆ ఒక్క స్థితికైతే మేలు |
| తెలియని స్థితిని కాపాడడానికి | కుదరదు | ప్రధాన మార్గం | పరిశోధన దశ | పరిశోధన దశ, ఆశ ఉంది |
| అడ్డుపడేది | టీ1, క్యూబిట్ వేడి | లూప్ సమయం, తప్పుచదువు | కొలత సామర్థ్యం | డ్రైవ్‌ల ట్యూనింగ్ |
| ఫలితం చేతికొస్తుందా | పోస్ట్ సెలక్షన్‌లో వస్తుంది | వస్తుంది | వస్తుంది, నాయిజ్‌తో | రాదు |

కొలిచేదీ, కొలవనిదీ ఒకే పనిలో పోటీపడినప్పుడు

పట్టిక చూసి ఎవరో ఒకరు గెలిచేశారనుకోకండి. 2013లో రెండు సూపర్‌కండక్టింగ్ క్యూబిట్లని బెల్ స్థితికి తేవడానికి డెల్ఫ్ట్ వాళ్లు పారిటీ కొలత (పైన చెప్పిన సరి, బేసి ప్రశ్న), ఫీడ్‌బ్యాక్ వాడితే 66 శాతం ఫిడెలిటీ (కోరిన స్థితికి ఎంత దగ్గరో చెప్పే అంకె) వచ్చింది. అదే ఏడాది యేల్ వాళ్లు కొలత నిర్ణయాలేవీ లేకుండా అటానమస్‌గా చేస్తే 67. ఫలితం దాదాపు సమానం, పడిన తిప్పలు మాత్రం పూర్తిగా వేరు. డెల్ఫ్ట్ ప్రయోగంలో ఇంకో సంగతి ఉంది: మంచి షాట్లని మాత్రమే ఏరుకుంటే అదే పారిటీ కొలతకి 88 శాతం దాకా వచ్చింది. అంటే పోస్ట్ సెలక్షన్ అంకెనీ, ప్రతిసారీ పనిచేసే పద్ధతి అంకెనీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పేపర్ చదివేటప్పుడు ముందు వెతకాల్సింది ఇదే.

క్యూబిట్ల బయట కూడా ఇదే కథ. వియన్నాలో ఆస్పెల్‌మేయర్ బృందం శూన్యంలో లేజర్‌తో తేలేలా పట్టుకున్న నానో గాజు గుళికని 2020లో కేవిటీ సాయంతో, కొలిచి సరిచేసే లూప్ లేకుండా, సగటున 0.43 ఫోనాన్ల (గుళిక కదలిక శక్తిలో అతిచిన్న మోతాదులు) దాకా చల్లబరిచింది. 2021లో అదే నగరంలో అదే బృందం కేవిటీ తీసేసి, కల్మన్ ఫిల్టర్‌తో (నాయిజ్ కొలతల నుంచి అసలు స్థితిని అంచనా కట్టే లెక్క) కొలిచి సరిచేస్తే 0.56. రెండూ గది ఉష్ణోగ్రతలోనే. అంకెలో మొదటిది కాస్త ముందుంది. కానీ రెండోదానికి కేవిటీ అక్కర్లేదు, అద్దాలు సర్దే పని తప్పుతుంది, కాకపోతే గుళిక నుంచి వెదజల్లే కాంతిని వీలైనంత ఎక్కువగా పట్టుకోగలగాలి. ఎవరి చేతిలో ఏ నైపుణ్యం ఉందో దాన్నిబట్టే ఇక్కడ ఎంపిక.

మీరు ఎవరు?

ఎమ్మెస్సీ విద్యార్థి, చేతిలో ల్యాప్‌టాప్ తప్ప ఏమీ లేదు. మొహమాటం లేకుండా నిరంతర కొలతతోనే మొదలుపెట్టండి, ల్యాబ్‌లో వద్దన్నది ఇక్కడ రైటు. క్యూటిప్ అనే పైథాన్ లైబ్రరీలో, కొలుస్తుండగా క్యూబిట్ ఎలా కదులుతుందో లెక్కించే స్టొకాస్టిక్ మాస్టర్ ఈక్వేషన్ సాల్వర్ ఉంది, కొలత సామర్థ్యాన్ని 1 నుంచి 0.3కి దించుతూ క్యూబిట్ దారి ఎలా మసకబారుతుందో చూడండి. ఒక వారాంతంలో వచ్చే అవగాహన పుస్తకంతో నెలకి కూడా రాదు.

క్లౌడ్ మీద పనిచేసేవాళ్లు. 2025లో అమరావతికి 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉన్న ఐబీఎం సిస్టమ్ టూ ప్రకటించాక మనవైపు ఈ ప్రశ్న ఎక్కువగా వినబడుతోంది: క్లౌడ్‌లో ఫీడ్‌బ్యాక్ చేయొచ్చా? చేయొచ్చు, ఐబీఎం సాఫ్ట్‌వేర్ క్విస్కిట్‌లో మధ్యలో కొలిచి, "ఇఫ్ టెస్ట్" పెట్టి గేటు మార్చడం ఉంది. కానీ లూప్ హార్డ్‌వేర్ మీ చేతిలో ఉండదు, ఒక క్యూబిట్ ఫలితం కోసం ఆగినంతసేపూ మిగతా క్యూబిట్లు ఊరికే కూర్చుని చెడిపోతుంటాయి. కాబట్టి ప్రతి షరతునీ ఒకసారి అనుమానించండి. కొలిచి షరతు పెట్టే బదులు నేరుగా కంట్రోల్డ్ గేటు (ఒక క్యూబిట్ స్థితిని బట్టి ఇంకోదాన్ని మార్చే గేటు) పెట్టి కొలత చివరికి జరపగలిగితే, రెండూ నడిపి పోల్చండి. సర్క్యూట్ చిన్నదైతే చాలాసార్లు కొలత చివరికి జరిపినదే గెలుస్తుంది. లోతైన సర్క్యూట్లలో, దూరపు క్యూబిట్లని కలపాల్సినచోట మధ్య కొలత తన ఖర్చు తనే రాబట్టుకుంటుంది.

కొత్తగా ల్యాబ్ పెడుతున్నవాళ్లు, రెండు మూడు క్యూబిట్లు, గ్రాంట్ అంతంతమాత్రం. కొలవని రీసెట్‌తో మొదలుపెట్టండి. దానికి కావలసిన మైక్రోవేవ్ సోర్సులు మీ దగ్గర ఎలాగూ ఉంటాయి. మిగిలిన డబ్బు ఎఫ్‌పీజీఏ మీద కాదు, మంచి పారామెట్రిక్ యాంప్లిఫైయర్ మీద పెట్టండి. రీడౌట్ బాగుపడితే ఆగే పద్ధతికీ, పోస్ట్ సెలక్షన్‌కీ, రేపు పెట్టబోయే లూప్‌కీ అన్నిటికీ ఉపయోగమే. ఎఫ్‌పీజీఏ ముందు కొని రీడౌట్ 90 శాతం దగ్గరే ఉంటే, తప్పుని చాలా వేగంగా చేసే యంత్రం కొన్నట్టు. ఇంకా ఎఫ్‌పీజీఏ కోడ్ రాసే మనిషి కావాలి. ఆ పని తెలిసినవాళ్లకి చిప్ కంపెనీలు ఇచ్చే జీతం ముందు ఫెలోషిప్ నిలబడదు, రాసినవాళ్లు వెళ్లిపోయాక ఆ కోడ్ ముట్టుకునేవాళ్లుండరు. ఇప్పుడు క్యూబిట్ కంట్రోల్ కోసమే తయారుచేసిన రెడీమేడ్ పెట్టెలు, ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ రెండూ దొరుకుతున్నాయి, లూప్‌లో ఏదో వింత కావాలంటే తప్ప సొంతంగా రాయడం మొదలుపెట్టకండి.

ఎర్రర్ కరెక్షనే లక్ష్యమైతే కొలత తప్పదు, వెతుక్కోనక్కర్లేదు. అక్కడ కూడా రెండూ కలపడమే మంచిది. పక్క క్యూబిట్‌ని కొలిచి ఫలితం తీసుకోండి, ఆ పక్క క్యూబిట్‌ని మళ్లీ సున్నాకి తేవడానికి మాత్రం కొలవని రీసెట్ వాడండి. పెట్టె కొనేముందు అమ్మేవాళ్లని "మీ లేటెన్సీ ఎంత" అని ఊరికే అడగొద్దు, వాళ్లు బోర్డు లోపలి అంకె చెప్పి తప్పించుకుంటారు. రీడౌట్ సిగ్నల్ చివరి నమూనా డిజిటైజర్‌లోకి వెళ్లిన క్షణం నుంచి పల్స్ మొదటి నమూనా బయటికొచ్చేదాకా ఎంత, అదీ ఒక పెట్టెలో కొలిచి ఇంకో పెట్టె నుంచి పల్స్ పంపాల్సినప్పుడు ఎంత, అని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.